చక్కెర కొలత మన ఇంటికి వచ్చిన కథ

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమని కార్యవర్గం అడిగింది. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నేను వేరే విషయం ఎంచుకున్నాను. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో శుభోదయాల తర్వాత ఎక్కువగా కనిపించేవి షుగరు అంకెలే. "ఈరోజు ఫాస్టింగు 132", "నాది 118" అని పదో తరగతి మార్కుల్లా చెప్పుకుంటున్నాం. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. ఒకే వేలి రక్తాన్ని రెండు మీటర్లతో చూస్తే ఒకటి 142, ఇంకొకటి 168 చూపించవచ్చు. ఏది నిజం? వృత్తిరీత్యా ఇంజనీరును, కొలతలతో బతికినవాణ్ణి. డాక్టరును కాను. ఆ పరిధిలోనే ఈ చరిత్ర చెబుతాను.

చీమల నుంచి నీలం మందు దాకా

మధుమేహం అనే పేరులోనే మొదటి పరీక్ష ఉంది. రోగి మూత్రానికి చీమలు పట్టడాన్ని మన ప్రాచీన వైద్యులు గమనించారు. ఆ తీపికి కారణం చక్కెరేనని ఇంగ్లండులోని లివర్‌పూల్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ 1776లో చూపించాడు. చక్కెర ఉందని తెలిసింది కానీ, ఎంత ఉందో చెప్పే సులువైన దారి చాలాకాలం దొరకలేదు.

20వ శతాబ్దం మొదట్లో అమెరికా రసాయన శాస్త్రవేత్త స్టాన్లీ బెనెడిక్ట్ తయారుచేసిన నీలం ద్రావణం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సైన్సు మాష్టారు పరీక్షనాళికలో గ్లూకోజు ద్రావణం పోసి, బెనెడిక్ట్ కలిపి వేడిచేస్తే నీలం కాస్తా ఆకుపచ్చ, పసుపు, నారింజ మీదుగా ఇటుక ఎరుపుకు తిరిగేది. మనకది మార్కుల ప్రయోగం. షుగరు ఉన్న ఇళ్ళలో అది రోజువారీ పని. అయిదు మిల్లీలీటర్ల ద్రావణం, ఎనిమిది చుక్కల మూత్రం, ఒక స్పిరిటు దీపం. నీలం అయితే "లేదు", ఇటుక రంగు అయితే "నాలుగు ప్లస్సులు". 1980ల దాకా మన పల్లెల్లో ఇంట్లో చేసుకునే షుగరు పరీక్ష అంటే ఇదే.

దీని లోపం రంగులో లేదు, చూసే చోటులో ఉంది. రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే తప్ప చాలామందికి మూత్రంలో కనిపించదు. పైగా ఆ మూత్రం కొన్ని గంటలుగా చేరినది. అంటే రక్తంలో 170 ఉన్నా నీలమే, 50కి పడిపోయినా నీలమే. ఇన్సులిన్ వేసుకునే మనిషికి చక్కెర పడిపోవడమే అసలు ప్రమాదం. ఆ ప్రమాదం గురించి ఈ పరీక్ష ఒక్క మాట కూడా చెప్పలేదు.

రంగు చిక్కదనాన్ని చదివినవాళ్ళు

రక్తంలోనే చక్కెర కొలిచే పద్ధతులు ఆస్పత్రి ల్యాబుల్లో పెరిగాయి. అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాలలోని ఆటో ఫోలిన్, సియెన్ వూ కలిసి రూపొందించిన పద్ధతి వాటిలో పేరు పొందింది. రసాయన చర్యలో పుట్టిన రంగు ఎంత చిక్కగా ఉందో తెలిసిన ద్రావణంతో పోల్చి చూసి, పరిమాణం చెప్పడం దాని సూత్రం.

అదే ఫోలిన్ విభాగంలో పనిచేసిన తెలుగువాడు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరుతో అది బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ నేర్చుకునే పాఠం. ఆయన కొలిచింది చక్కెర కాదు. కానీ రంగును అంకెగా మార్చే ఆ విద్యకు పునాది వేసినవాళ్ళలో మనవాడు ఒకరున్నారని చెప్పుకోవడం ఈ కథకు దూరం కాదు. తర్వాత వచ్చిన మొదటి తరం షుగరు స్ట్రిప్పులన్నీ ఆ విద్య మీదే నడిచాయి.

కిలో పైగా తూగిన మీటరు

1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే బాలుడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. ఆ మందు ప్రాణం పోసింది. దానితోపాటు ఎంత వెయ్యాలి అన్న ప్రశ్న కూడా రోజూ ఇంటికి వచ్చింది. జవాబు మాత్రం ఆస్పత్రి ల్యాబులోనే ఉండిపోయింది.

1950లలో అమెరికాలోని ఎల్క్‌హార్ట్‌లో మైల్స్ సంస్థకు చెందిన ఏమ్స్ విభాగంలో ఆల్‌ఫ్రెడ్ ఫ్రీ, హెలెన్ ఫ్రీ దంపతులు మూత్రంలో ముంచి చూసే క్లినిస్టిక్స్ పట్టీని తెచ్చారు. స్పిరిటు దీపం అవసరం పోయింది. 1960ల మధ్యలో అదే సంస్థ నుంచి రక్తపు చుక్కకు డెక్‌స్ట్రోస్టిక్స్ వచ్చింది. పెద్ద చుక్క వేసి, సరిగ్గా ఒక నిమిషం ఆగి, నీళ్ళతో కడిగి, సీసా మీది రంగుల పట్టికతో పోల్చాలి. నిమిషం కాస్త పెరిగినా, గదిలో వెలుతురు తగ్గినా, చూసేవాడి కన్ను మారినా ఫలితం మారేది.

కన్ను స్థానంలో కాంతిని కొలిచే యంత్రాన్ని పెట్టినవాడు ఆంటన్ క్లెమెన్స్ అనే ఇంజనీరు. పట్టీ మీద వెలుగు వేసి, తిరిగివచ్చిన వెలుగును కొలిచే ఏమ్స్ రిఫ్లెక్టెన్స్ మీటరు 1970 ప్రాంతంలో వచ్చింది. బరువు కిలో పైగా, ధర వందల డాలర్లు. అది డాక్టర్ల కోసం తయారైన వస్తువు, రోగికి అమ్మేవారు కాదు.

రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే న్యూయార్క్ ఇంజనీరుకు పన్నెండేళ్ళ వయసు నుంచి షుగరు. ఆయన భార్య డాక్టరు కాబట్టి ఆమె పేరు మీద ఒక మీటరు తెప్పించుకున్నాడు. రోజుకు అయిదారుసార్లు తన రక్తం తానే చూసుకుంటూ, ఏ తిండికి ఎంత పెరుగుతోంది, ఎంత ఇన్సులిన్‌కు ఎంత తగ్గుతోంది అని లెక్కలు కట్టాడు. ఆ ఫలితాలు రాసి పంపితే వైద్య పత్రికలు వేసుకోలేదు. ఇంజనీరు మాట ఎవరు వింటారు? నలభై అయిదేళ్ళ వయసులో వైద్య కళాశాలలో చేరి డాక్టరు అయ్యాడు. ఈలోగా 1978లో ఇంగ్లండు నుంచి రెండు వైద్య బృందాలు, రోగులు ఇంట్లోనే రక్త పరీక్ష చేసుకోవడం సాధ్యమేనని లాన్సెట్ పత్రికలో చూపించాయి. మీటరు ఇల్లు చేరడానికి దారి అలా పడింది.

రంగు పోయి కరెంటు వచ్చింది

ఇప్పుడు మన చేతుల్లో ఉన్న మీటర్లలో ఎక్కువ భాగం రంగును చూడవు, కరెంటును కొలుస్తాయి. 1962లో లీలండ్ క్లార్క్ ఎంజైమునూ ఎలక్ట్రోడునూ జతచేసే ఆలోచనను ప్రకటించాడు. 1980లలో ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు దాన్ని చిన్న పట్టీ మీదకు దించారు. 1987లో ఎక్సాక్‌టెక్ పేరుతో పెన్నంత మీటరు వచ్చింది.

పని ఇలా జరుగుతుంది. స్ట్రిప్పు కొనలో ఎండిన ఎంజైము ఉంటుంది. రక్తంలోని గ్లూకోజు దానితో కలిసినప్పుడు ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. ఒక మధ్యవర్తి రసాయనం వాటిని ఎలక్ట్రోడుకు చేరవేస్తుంది. ఆ కరెంటు మైక్రో ఆంపియర్లలో ఉంటుంది. మీటరు దాన్ని కొలిచి, ఆ రకం స్ట్రిప్పుకు కంపెనీ ముందే కట్టిన లెక్క ప్రకారం చక్కెర అంకెగా మారుస్తుంది. అంటే మనం చూసేది చక్కెరను కాదు, చక్కెర పుట్టించిన కరెంటును. ఆ కరెంటును ఇంకేది మార్చినా అంకె మారుతుంది.

మన ప్రాంతంలో తొలి మీటర్లు చాలా ఇళ్ళకు అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన సూట్‌కేసుల్లో వచ్చాయి. మీటరు ఒకసారి వస్తే చాలు, స్ట్రిప్పుల కోసం మాత్రం ఎవరో ఒకరు వచ్చేదాకా ఎదురుచూపులే. ఇంగ్లండు, ఆస్ట్రేలియా నుంచి తెచ్చినవాటితో ఇంకో చిక్కు. అక్కడి మీటర్లు మిల్లీమోల్ లెక్కలో చూపిస్తాయి. దాన్ని 18తో గుణిస్తే మన మిల్లీగ్రాముల లెక్క వస్తుంది. అక్కడి 7.8 మన 140.

ఎంత తేడాను ఒప్పుకోవచ్చు?

బడిలో స్క్రూగేజి పట్టుకున్నప్పుడు మాష్టారు ముందుగా రెండు విషయాలు రాయించేవారు: కనీసపు కొలత, శూన్యాంశ దోషం. ఆ రెండూ రాయకుండా కొలత మాత్రమే రాస్తే మార్కు లేదు. గ్లూకోమీటరు విషయంలో ఆ ప్రశ్న ప్రపంచం అడిగింది, కానీ ఆలస్యంగా.

1987లో వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన క్లార్క్ బృందం ఒక గళ్ళ పటం గీసింది (ఎలక్ట్రోడు క్లార్క్ వేరు, ఈయన వేరు). మీటరు అంకె ల్యాబు అంకెతో ఎంత తేడాగా ఉందని మాత్రమే చూడకుండా, ఆ తేడా వల్ల వైద్యం తప్పుతుందా లేదా అని చూడటం దాని ఉద్దేశం. 250 ఉన్నచోట 280 చూపిస్తే వైద్యం పెద్దగా మారదు. 55 ఉన్నచోట 110 చూపిస్తే మనిషి ప్రాణానికే ముప్పు.

అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15197 2003లో వచ్చింది. 75 మిల్లీగ్రాములు, అంతకు పైన ఉన్న కొలతల్లో నూటికి 95 ల్యాబు విలువకు అటూ ఇటూ 20 శాతంలోపు ఉంటే చాలంది. 2013లో దాన్ని బిగించారు. 100, ఆపైన అయితే 15 శాతం, 100కు లోపు అయితే 15 మిల్లీగ్రాములు. నూటికి 95 కొలతలు ఈ హద్దులో ఉండాలి.

ఇప్పుడు మొదట అడిగిన 142, 168 లెక్క చూద్దాం. అసలు విలువ 150 అనుకోండి. 15 శాతం అంటే సుమారు 128 నుంచి 172 దాకా. రెండు మీటర్లూ ప్రమాణం ప్రకారం పాసే! కాబట్టి "నిన్న 138, ఇవాళ 146, షుగరు పెరిగింది" అని కంగారు పడటంలో అర్థం లేదు. నూటికి మిగిలిన అయిదు కొలతలు ఆ హద్దు కూడా దాటవచ్చని ప్రమాణమే ఒప్పుకుంటోంది. అందుకే ఒంటికి తెలిసేదానికీ అంకెకూ పొత్తు కుదరకపోతే చెయ్యి కడుక్కుని మళ్ళీ చూడాలి.

మన పత్తి రైతుకు ఈ లెక్క కొత్త కాదు. సీసీఐ కేంద్రంలో పత్తి తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే కొనరు. తేమ మీటరు ఒక్క శాతం ఎక్కువ చూపిస్తే రైతు ఊరుకోడు, ఇంకో చోట మళ్ళీ పెట్టించి చూపించమంటాడు. మిర్చి యార్డులో టిక్కీ తూచేటప్పుడు కాటా మీద తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉందా అని అడుగుతాడు. అదే రైతు ఇంటికొచ్చి వేలికి సూది గుచ్చుకుని వచ్చిన అంకెను మారుమాట లేకుండా నమ్మి ఇన్సులిన్ వేసుకుంటాడు. పత్తికి ఉన్న పట్టింపు రక్తానికి లేదు.

మీటరు ఎక్కడ తడబడుతుంది?

మొదటిది రక్తహీనత. రక్తంలో ఎర్రకణాల భాగాన్ని హెమటోక్రిట్ అంటారు. అది తగ్గితే చాలా మీటర్లు చక్కెరను ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తాయి. మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. కాబట్టి ఇది ఎక్కడో అరుదుగా జరిగేది కాదు.

మా మేనత్తకు షుగరుతోపాటు కిడ్నీ జబ్బు, హెమోగ్లోబిన్ 7. ఒక సాయంత్రం ఒళ్ళంతా చెమటలు, మాట తడబాటు. మీటరు 92 చూపించింది. "92 అంటే బాగానే ఉందిగా, ఇది నీరసం" అని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డ్యూటీ డాక్టరమ్మ రక్తం ల్యాబుకు పంపి, ఫలితం కోసం ఆగకుండా గ్లూకోజు ఎక్కించింది. ల్యాబు అంకె 68. "మీటరు ఏం చెప్పినా మనిషిని చూడాలి కదండీ" అంది ఆవిడ. తర్వాత ఆ మీటరు డబ్బాలోని కాగితం తీసి చదివాను. హెమటోక్రిట్ 30 నుంచి 55 శాతం మధ్య ఉన్నవారికే అని చిన్న అక్షరాల్లో ఉంది. మా అత్తయ్యది 21. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది, అత్తయ్యకు తెలుగు తప్ప రాదు.

రెండోది చేతులు. జపాన్ వైద్యులు 2011లో చిన్న పరీక్ష చేశారు. పండు ఒలిచిన చేతితో చూస్తే అంకె ఎంతో పెరిగింది, స్పిరిటు దూదితో తుడిచినా పూర్తిగా పోలేదు, నీళ్ళతో కడిగితేనే సరైన అంకె వచ్చింది. మామిడిపండ్ల కాలంలో ఇది మనకు పనికొచ్చే పాఠం. కళ్ళంలో మిరపకాయలు ఏరి వచ్చినవాళ్ళకు చెయ్యి కడగమని చెప్పే పనే లేదు, సూది గుచ్చగానే వాళ్ళకే తెలుస్తుంది!

మూడోది ఎండ. చాలా స్ట్రిప్పు సీసాల మీద 30 డిగ్రీలకు లోపు ఉంచమని రాసి ఉంటుంది. మీటర్లు ఎక్కువగా 40 డిగ్రీల దాకానే పనిచేస్తాయి. మే నెలలో నల్లపాడులో రేకుల ఇంట్లో మధ్యాహ్నం పూట ఆ రెండు హద్దులూ దాటతాయి. వేడికీ తేమకీ ఎంజైము చెడుతుంది. సీసా మూత వదులుగా పెట్టినా, స్కూటరు డిక్కీలో వదిలేసినా స్ట్రిప్పు పైకి కొత్తదిలాగే కనిపిస్తుంది, అంకె మాత్రం తప్పుతుంది.

నాలుగోది వేరే చక్కెరలు. ఒక రకం ఎంజైము వాడే స్ట్రిప్పులు గ్లూకోజుకూ మాల్టోజుకూ తేడా పట్టలేవు. పొట్ట ద్వారా డయాలిసిస్ చేసే ఒక ద్రావణం వాడినవారిలో మాల్టోజు చేరి, అంకె ఎక్కువగా కనిపించి, ఇన్సులిన్ ఎక్కువ పడి మరణాలు జరిగాయి. అలాంటి 13 మరణాలను ప్రస్తావిస్తూ అమెరికా ఔషధ సంస్థ 2009లో హెచ్చరిక ఇచ్చింది. డయాలిసిస్ మీద ఉన్న మిత్రులు తమ డాక్టరును ఈ విషయం తప్పక అడగాలి.

చివరగా ల్యాబు అంకె కూడా దేవుడి మాట కాదు. రక్తం తీసిన గొట్టంలో చక్కెరను కాపాడే ఫ్లోరైడు లేకపోతే, వేరుచేయకుండా ఉంచిన రక్తంలో కణాలు గంటకు సుమారు 5 నుంచి 7 శాతం చక్కెరను తినేస్తాయి. ఊళ్ళో పొద్దున తీసిన రక్తాన్ని గుంటూరు చేర్చి మధ్యాహ్నం చూస్తే తేడా రాకుండా ఎలా ఉంటుంది? అలాగే భోజనం తర్వాత వేలి రక్తంలో చక్కెర నరం రక్తంలో కంటే ఎక్కువ ఉండటం సహజం. అది మీటరు తప్పు కాదు.

మన దేశంలో

షుగరు పట్నం జబ్బు అనుకునే రోజులు పోయాయని మన తెలుగు పల్లెలే చూపించాయి. గోదావరి జిల్లాల్లోని 20 గ్రామాల్లో వేలి చివరి రక్తంతో చేసిన సర్వే ఫలితాలు 2006లో వెలువడ్డాయి. 30 ఏళ్ళు దాటినవారిలో 13 శాతానికి షుగరు ఉందని తేలింది. అంత మందికి నరం నుంచి రక్తం తీసి ల్యాబుకు మోయాలంటే ఎంత కష్టమో ఆలోచించండి. దేశం మొత్తం మీద 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో చెప్పింది. ఇంతమందికి డాక్టరు రోజూ దొరకడు. మీటరు లోపాలు ఇన్ని చెప్పాను గానీ, అది లేని కాలానికి తిరిగి వెళ్ళమని ఎవరూ అనరు. ఇన్సులిన్ మోతాదు సరిచూసుకోవడానికీ, చక్కెర పడిపోవడాన్ని ఇంట్లోనే పట్టుకోవడానికీ దానికి సాటి లేదు.

ధర విషయంలో ప్రయత్నాలు జరిగాయి. 2014 జనవరిలో కేంద్రం విడుదల చేసిన చవక స్వదేశీ మీటర్లలో ఒకటి హైదరాబాదులోని బిట్స్ పిలానీ ప్రాంగణంలో రూపొందింది. వైద్య పరికరాల నిబంధనలు 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. తర్వాత గ్లూకోమీటర్లనూ ఔషధ నియంత్రణ పరిధిలోకి తెచ్చారు. 2021 జూలైలో వాటి మీద వ్యాపార లాభానికి 70 శాతం హద్దు పెట్టారు. ఇవన్నీ మీటరు దుకాణం నుంచి మన ఇంటికి వచ్చేదాకా పనిచేసే ఏర్పాట్లు. ఇంటికి వచ్చాక, అయిదేళ్ళుగా అలమరలో ఉన్న మీటరును మళ్ళీ సరిచూసే ఏర్పాటు మాత్రం ఎక్కడా లేదు. కాటాకు ముద్ర వేసే మనిషి వస్తాడు, మీటరుకు ఎవరూ రారు. ఆ పని మనమే చేసుకోవాలి.

ఒక ప్రతిపాదన

అందుకే సంఘానికి ఒక మనవి. స్వర్ణోత్సవ సమావేశం రోజున ఉదయం ఉచిత వైద్య శిబిరం ఎలాగూ పెడతాం. షుగరు ఉన్న ప్రతి పూర్వ విద్యార్థీ, ప్రతి గురువుగారూ తమ మీటరు, తాము వాడుతున్న స్ట్రిప్పు సీసా వెంట తెచ్చుకునేలా కబురు పెడదాం. టిఫినుకు ముందు నరం నుంచి రక్తం ఫ్లోరైడు గొట్టంలోకి తీయించి, అయిదు నిమిషాల్లోపు కడిగిన వేలితో సొంత మీటరు మీద చూసుకుందాం. హెమోగ్లోబిన్ కూడా చూపిద్దాం. సాయంత్రానికి ల్యాబు అంకెలు వస్తాయి. తేడా 15 శాతంలోపు ఉంటే మీటరు వెనుక ఆ తేదీ రాసిన చీటీ అంటిద్దాం. దాటితే కొత్త సీసాతో మరోసారి చూద్దాం, అప్పటికీ దాటితే మీటరు మార్చమని చెబుదాం. ఒక్కసారి చూసినంత మాత్రాన అంతా తేలిపోదు. కానీ బాగా చెడిపోయిన మీటరు ఆ ఒక్కసారికే దొరికిపోతుంది.

మందు మోతాదు మాత్రం డాక్టరుగారితో మాట్లాడకుండా ఎవరూ మార్చవద్దు. మనకు పాఠం చెప్పిన గురువుల్లో చాలామంది ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్ళ వయసులో ఒంటరిగా, ఆ చిన్న యంత్రాన్ని నమ్ముకుని ఇన్సులిన్ వేసుకుంటున్నారు. మీ ఊళ్ళో అలాంటి మాష్టారు ఎవరైనా ఉంటే సమావేశం దాకా ఆగకండి. ఈ వారమే వెళ్ళి, ఆ స్ట్రిప్పు సీసా మీద గడువు తేదీ చదివి చెప్పండి. అంత చిన్న అక్షరాలు వారికి కనిపించవు.